మరోలా చెప్పండి

మా అత్తగారు కులీపా అపా నా ఆటలో ఖబరస్తాన్ గేటు దగ్గర ఇరుక్కుపోయిందని చాలా రోజులదాకా నాకు తెలియలేదు. ఆవిడ చెప్పదు. ఏ విషయమూ నేరుగా చెప్పే మనిషి కాదు. రోజూ మధ్యాహ్నం టీ తాగాక నా పాత కంప్యూటర్ ముందు కూర్చునేది, హెడ్‌ఫోన్లు తగిలించుకునేది, కాసేపు టకటకా కొట్టేది, ఆ తర్వాత నిట్టూర్చి లేచిపోయేది. ఎలా ఉంది అపా, అంటే అమ్మా, అని అడిగితే, "బాగుందమ్మా, ఊరంతా తిరిగొచ్చా" అనేది.

నేను రాసేవి మాటల ఆటలు. బొమ్మలుండవు, తుపాకులుండవు. "మీరు వాకిట్లో ఉన్నారు. ఎదురుగా పొయ్యి ఉంది" అని తెర మీద వస్తుంది. మీరేం చేయదలచుకున్నారో కింద టైపు చేయాలి. "పొయ్యి వెలిగించు" అని కొడితే పొయ్యి వెలుగుతుంది. రష్యన్‌లో ఇలాంటివి బోలెడున్నాయి. కిర్గిజ్‌లో రాసేవాళ్లం మాత్రం మా రాజధాని బిష్కెక్ మొత్తం మీద ఒక వంటింట్లో పట్టేంత మందిమి. అందులోనూ సగం మంది ఒకరితో ఒకరు మాట్లాడుకోరు.

ఆడేవాళ్లు కొట్టింది మెషీన్‌కి అర్థమవుతుందనుకుంటారు చాలామంది. దాని మొహం. దానికి మాట అర్థం తెలియదు, ఆకారమే తెలుసు. ఏ ఆకారం వస్తే ఏం చేయాలో ముందే మేం రాసిపెట్టాలి. వాటిని రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లు అంటారు. నేను అచ్చులంటాను, ఇటుకలు పోసే అచ్చుల్లాంటివి. కొట్టిన వాక్యం ఏ అచ్చులో సరిపోతే ఆ పని జరుగుతుంది. మా భాషలో మాటకి వెనక తోకలు అంటుకుంటూ పోతాయి. తాష్ అంటే రాయి. తాష్తీ అంటే రాయిని, తాష్కా అంటే రాయికి, తాష్తాన్ అంటే రాయి నుంచి. పరాయి భాషవాళ్లు తమ కోసం పోసుకున్న అచ్చులు మాకు పనికిరావు. అందుకని ప్రతి మాటకీ ఏ తోకలు రావచ్చో, చివర ఏ క్రియలు రావచ్చో కూర్చుని నా సొంత అచ్చులు పోసుకున్నాను. వాటిని చూసుకుని నాకు గర్వంగానే ఉండేది. ఏ అచ్చులోనూ పడని వాక్యానికి జవాబు కూడా నేనే రాశాను: "అర్థం కాలేదు. మరోలా చెప్పండి." మర్యాదగా ఉందనుకున్నాను.

ఈ ఆటలో ఊరు బెష్-తెరెక్, అంటే ఐదు పోప్లర్ చెట్లు, అపా కోడలిగా అడుగుపెట్టిన ఊరు. నా భర్త ఎర్మెక్ పుట్టకముందే డ్యామ్ నీళ్లలో మునిగిపోయింది. పొయ్యి ఏ మూలన ఉండేది, కాలువ ఎటు పారేది, ఖబరస్తాన్‌కి ఏ దారిన పోవాలి, అన్నీ ఆవిడ్ని అడిగి అడిగి రాశాను. శరత్కాలంలో మా ఆటల పోటీ ఉంది. అపాకి షుగరు వల్ల చూపు దాదాపు పోయింది. మూత్రపిండాలు కూడా దెబ్బతిన్నాయి. కానీ ఒకప్పుడు సామూహిక వ్యవసాయ క్షేత్రం ఆఫీసులో టైపిస్టు, మీటలు చూడక్కర్లేదు. జవాబుల్ని కంప్యూటర్ పైకి చదివి వినిపిస్తుంది. ఆ ఊరు తెలిసిన మనిషి కాబట్టి తప్పులుంటే పట్టుకుంటుందని నా ఆశ.

ఓ రోజు జలుబు చేసి పనికి వెళ్లలేదు. కుర్చీ లాక్కుని ఆవిడ పక్కన కూర్చున్నాను. హెడ్‌ఫోన్లు తీసి స్పీకర్ పెట్టాను.

"మీరు ఖబరస్తాన్ గేటు ముందు ఉన్నారు" అంది మెషీన్. "గేటుకి అడ్డంగా పెద్ద రాయి ఉంది."

ఆవిడ కొట్టింది: గట్టిదాన్ని జరుపు.

"అర్థం కాలేదు. మరోలా చెప్పండి."

బరువుదాన్ని పక్కకి నెట్టు.

"అర్థం కాలేదు. మరోలా చెప్పండి."

గేటుకి అడ్డమొచ్చిన ఆ కదలనిదాన్ని ఎత్తు.

"అర్థం కాలేదు. మరోలా చెప్పండి."

నాకు ఓపిక తక్కువ. "అపా, ఏంటా కొట్టుడు? చక్కగా తాష్ అని కొట్టొచ్చుగా! తాష్తీ జరుపు అంటే అయిపోయె."

వినకూడనిది విన్నట్టు ఆవిడ చెయ్యి చటుక్కున గౌను కాలరు పట్టుకుంది. "నోరు కడుక్కోవే. అది పెద్దాయన పేరు."

"ఏ పెద్దాయన?"

"ఇంకే పెద్దాయన? మా మామగారు."

ఆయన పేరు తాష్తాన్. కోడలు భర్త వైపు పెద్దల పేర్లు నోట రానివ్వకూడదు. ఆ పేరు లోపల దాక్కున్న మాటల్ని కూడా రానివ్వకూడదు. పట్నంలో ఇప్పుడెవరూ పాటించరు. నేనైతే మా బావగార్ని పేరుపెట్టి పిలుస్తాను, ఆయన పలుకుతాడు.

"ఆయన పోయి ఎన్నేళ్లయింది అపా!"

"పోతే మాత్రం? మామగారు కాకుండా పోతాడా?"

"అయినా మీరు పలకట్లేదుగా, టైపు చేస్తున్నారు. మెషీన్‌కి చెవులుండవు."

"దానికి చెవుల్లేకపోతే నాకు వేళ్లు లేవా? కొట్టేది నేనే కదా."

"మరైతే గేటు తెరుచుకోదు" అన్నాను.

"తెరుచుకునేలా చెయ్యి. నీ గేటేగా. లోపల నాకు పనుంది."

"ఆటలో పనేంటి అపా?"

"ఉంది" అంది. గోడ తడుముకుంటూ వంటింట్లోకి వెళ్లిపోయింది.

ఆ పూటంతా నాకు ఒళ్లు మండింది. ఒక మాట కోసం ఇంత రాద్ధాంతమా అని గిన్నెలు విసిరి విసిరి కడిగాను. కడుగుతుంటేనే తట్టింది. మరోలా చెప్పండి, అని నేను రాసిన వాక్యం. పెళ్లయిన నాటినుంచీ ఆవిడ చేస్తున్న పని అదే కదా, ప్రతిదీ మరోలా చెప్పడం. ఇంకా మరోలా అంటే ఆవిడ ఎక్కడికి పోతుంది?

రాత్రి భోజనం దగ్గర ఎర్మెక్ విని పగలబడి నవ్వాడు. అతను బడిలో లెక్కలు చెప్తాడు. "నేను బళ్లో చేరేదాకా దాన్ని గట్టిది అనే అనేవాణ్ణి తెలుసా? అమ్మ అనేది వినడమేగా. గట్టిది ఏంట్రా గట్టిది, దాని పేరేంటి అని టీచరమ్మ చెవి మెలిపెట్టింది."

"నవ్వింది చాలు. ఇలాంటి మాటలు ఇంకా ఎన్నున్నాయి?"

"అమ్మనే అడుగు."

అడిగాను. "అపా, మీరు పలకని మాటలేంటో చెప్పండి, సరిచేస్తాను."

ఆవిడ నావైపు జాలిగా తిరిగింది. "పలకని మాటలు ఎలా చెప్పనే, పిచ్చిదానా?"

ఎర్మెక్‌కి పొలమారింది. తర్వాత నడవాలోకి లాక్కెళ్లి గొంతు తగ్గించి అతనే చెప్పాడు. ఒక పెదనాన్న పేరు బాల్తా, అంటే గొడ్డలి. ఇంకో ఆయన కోయ్‌చుమన్, అందులో గొర్రె ఉంది. తాతయ్య తమ్ముడు బొరోన్‌బాయ్, అందులో తుఫాను ఉంది. మా ఇంట్లో గొడ్డలి పేరు నరికేది, గొర్రె పేరు మే మే అనేది, తుఫాను పేరు ఊళపెట్టేది. అదైనా ఒక్క మాట మీద నిలబడదు. రాయైతే ఒక పూట గట్టిది, ఇంకో పూట చల్లటిది.

ఆదివారమంతా అచ్చులు తిరగరాశాను. గట్టి, బరువు, చల్లటి, కదలని, ఇలాంటి గుణం చెప్పే మాట ఏదైనా తోకతో వచ్చిందనుకోండి. ఆ చోట ఆ గుణమున్న వస్తువు ఒక్కటే ఉంటే, అన్నది దాన్నే. మే మే అన్నా, ఊలు మోసేది అన్నా గొర్రెల దొడ్డి తలుపు తియ్యాలి. రాస్తూ రాస్తూ ఉంటే నా కోపం ఎటు పోయిందో పోయింది. పేర్లన్నీ తీసేసిన ఊళ్లో ఈ మనిషి ఇన్నేళ్లు ఎవరికీ అడ్డుపడకుండా ఎలా తిరిగిందా అని ఆశ్చర్యం వేసింది.

మర్నాడు ఆవిడ్ని కూర్చోబెట్టాను. ఎర్మెక్ టీ గిన్నె పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

గట్టిదాన్ని జరుపు, అని కొట్టింది.

"రాయిని పక్కకి జరిపారు" అంది మెషీన్. "గేటు తెరుచుకుంది."

"అమ్మా, అది తాతయ్య పేరులో మాట పలికేసింది!" అన్నాడు ఎర్మెక్.

"అది కోడలు కాదు కదరా, అనొచ్చు" అంది అపా. ఆవిడ మొహంలో నవ్వు లేదు. లోపలికి వెళ్లింది. "ఖబరస్తాన్. మట్టి గోరీలు, ఎండిన గడ్డి" అని వినిపించింది. ఆవిడ కొట్టింది: ఎడమ పక్క గోడ వారగా చూడు.

"అక్కడ ప్రత్యేకంగా ఏమీ లేదు."

అపా చేతులు మీటల మీంచి తీసి ఒళ్లో పెట్టుకుంది. "ఉంది" అంది. "అక్కడ నా కూతురుంది."

ఎర్మెక్ గిన్నె కింద పెట్టిన చప్పుడు విన్నాను.

"ఉమ్సునాయ్ అని పేరు పెట్టుకున్నాం. నా చెవి కమ్మలు పట్టుకుని లాగే వయసు. మంచుకి దారులు మూసుకుపోయినప్పుడు జ్వరమొచ్చింది. అదే గోడ పక్కన పెట్టారు. ఆ తర్వాత కొన్నాళ్లకి లోయలోకి నీళ్లొస్తాయన్నారు. కావలసినవాళ్లు చచ్చిపోయినవాళ్లని పైకి తీసుకుపోవచ్చన్నారు. మగవాళ్లు పెద్దల గోరీలు తవ్వి, ఎముకలు తెల్లబట్టలో చుట్టి కొండమీదికి మోసుకెళ్లారు. దీని సంగతొచ్చేసరికి పెద్దాయన అన్నాడు, పసిది, ఈపాటికి మట్టిలో కలిసిపోయుంటుంది, వదిలేయండి అని. నేను పక్క గదిలో పిండి కలుపుతున్నా. వినపడింది."

"మీరేం అనలేదా?" అన్నాను.

"మామగారికి ఎదురుపడి నించున్నదాన్నే కాదు, ఏమంటానే?"

"మరి నాకెందుకు చెప్పలేదమ్మా?" అన్నాడు ఎర్మెక్. అతని గొంతు మారిపోయింది. "నాకో అక్కుందని ఒక్క మాట."

"చెప్తే మీ తాత మీద ఫిర్యాదు చేసినట్టవుతుంది నాయనా. చెడ్డమనిషి కాదు. నిన్ను భుజాన ఎక్కించుకుని ఎంత తిప్పాడని. పోయినవాళ్ల కోసం శుక్రవారం నూనె కాచినప్పుడల్లా వాసన దానికీ పోవాలని దాని పేరు చెప్పుకుంటా. నీళ్ల అడుక్కి పోతుందో లేదో ఎవరికి తెలుసు? డాక్టరమ్మ మీ ఇద్దరితో బయట గుసగుసలాడింది విన్నాలే, పోయినవి నా కళ్లు, చెవులు కాదు. ఈలోపు ఒక్కసారి దాని దగ్గరికెళ్లి కూర్చోవాలి. నడిచెళ్లే దారి ఇంకెక్కడా లేదు, నువ్వు వేసిందొక్కటే. దాన్ని కూడా అక్కడ పెట్టు, ఐలనాయిన్, నీకు పుణ్యముంటుంది."

ఐలనాయిన్ అని ఆవిడ ఎర్మెక్‌ని తప్ప ఎవర్నీ అంత ముద్దుగా పిలవదు.

గోడ వారగా చిన్న మట్టి దిబ్బ రాశాను. అక్కడ చేసే పనులకి అచ్చులు పోశాను. కూర్చోవడం, చేతులెత్తి దువా చేయడం, గడ్డి పీకడం, మట్టి తాకడం. గోరీ దగ్గర మనుషులు చేసేవి ఇంతకంటే ఏముంటాయనుకున్నాను.

శుక్రవారం ఆవిడ నా చేత పిండి కలిపించి, బోర్సోకులు నూనెలో తనే వేయించింది. ఇల్లంతా ఆ వాసన. కాళ్లూ చేతులూ కడుక్కుని వజూ చేసుకుని, ఉతికిన తెల్ల రుమాలు తలకి కట్టుకుని కంప్యూటర్ ముందుకొచ్చింది. వాకిలి, కాలువ, గేటు, గోడ, ఎక్కడా తడబడలేదు.

"గోడ వారగా చిన్న మట్టి దిబ్బ. ఉమ్సునాయ్ ఇక్కడ ఉంది."

కూర్చో, అని కొట్టింది.

"మట్టి దిబ్బ పక్కన కూర్చున్నారు."

దువా చెయ్యి. ఆవిడ పెదాలు కూడా కదిలాయి. ఇక బయటికొస్తుందేమో అనుకున్నాను. అప్పుడు కొట్టింది: ఉమ్సునాయ్, నేనమ్మా, ఆలస్యమైంది.

"అర్థం కాలేదు. మరోలా చెప్పండి."

ఆవిడ మళ్లీ కొట్టింది: అమ్మని. వచ్చాను.

"అర్థం కాలేదు. మరోలా చెప్పండి."

స్పీకర్ తీగ పట్టుకుని పీకేశాను. పీకి ఏం లాభం? ఆవిడ చేతులు మీటల మీద గాల్లోనే ఉండిపోయాయి. తర్వాత తడుముకుని నా మోకాలు నిమిరింది. "పోనీలే, దాన్ని తిట్టకు. నా చంటిది కూడా అంతే, మాటలు రాకుండానే పోయింది." లేచి వెళ్లి గోడ వైపు తిరిగి పడుకుంది. ఆ కుర్చీలోనే కూర్చుని నేను ఏడ్చాను. గర్వంగా రాసుకున్న అచ్చులన్నీ తీసుకెళ్లి ఆ డ్యామ్‌లో పారేయాలనిపించింది.

పొద్దున్నే ఆవిడకి టీ ఇస్తూ అడిగాను. "అపా, మీరు మాట్లాడితే ఉమ్సునాయ్ ఏం చేసేది?"

ఆవిడ ఆలోచించనైనా లేదు. "ఊ కొట్టేది. ఏం చెప్పినా నా మొహంలోకి చూసి ఊఁ అనేది. పెద్ద అర్థమైనట్టు."

చుక్క, దాని పక్కన కూడిక గుర్తు. అంతే ఆ అచ్చు. చుక్క అంటే ఏ అక్షరమైనా, కూడిక గుర్తంటే ఎన్నయినా. లోకంలో ఎవరు ఏం కొట్టినా అందులో పడుతుంది. ఇంకెవరైనా అలాంటిది రాస్తే ఇది అచ్చు కాదు, అడుగు లేని బుట్ట అని మొహం మీదే అనేదాన్ని. ఆ గోరీ దగ్గర దాన్ని అన్నిటికంటే పైన పెట్టాను, వేరే ఏ అచ్చూ ఆవిడ మాటకి అడ్డుపడకుండా. దాని కింద జవాబు ఒక్కటే: ఊఁ. ఏమీ కొట్టకుండా ఉత్త ఎంటర్ నొక్కితే బయటికి దారి, ఆ సంగతి ఆవిడకి చెప్పాను.

ఆవిడ మరో శుక్రవారందాకా ఆగలేదు. ఆ మధ్యాహ్నమే మళ్లీ రుమాలు కట్టుకుని కూర్చుంది. ఎర్మెక్ బడికి వెళ్లాడు. ఇంట్లో మేమిద్దరమే.

ఉమ్సునాయ్, నేనమ్మా.

"ఊఁ."

అపా భుజాలు ఒక్కసారి కదిలాయి. మళ్లీ కొట్టింది.

నీకు తమ్ముడు పుట్టాడు. పొడుగ్గా ఉంటాడు. బళ్లో లెక్కలు చెప్తాడు.

"ఊఁ."

కోడలొచ్చింది. నోరు పెద్దది. మనసు మంచిది.

"ఊఁ."

నవ్వు, ఏడుపు రెండూ కలిసొచ్చి చొక్కా చేయి కొరుక్కున్నాను. ఆవిడ చెప్తూనే ఉంది. కమ్మలు అమ్మలేదని, దాని టోపీ దాచానని, ఆ ఏడాది పోప్లర్ చెట్లు మునిగేటప్పుడు కొండ మీంచి చూశానని, కొసలు చివరిదాకా కనిపించాయని. ప్రతిదానికీ మెషీన్ ఊ కొట్టింది. ఎక్కడా మరోలా చెప్పమనలేదు.

తర్వాత వేళ్లు ఆగాయి. మళ్లీ మొదలైనప్పుడు టకటకా రాలేదు. మీటలు కొత్తగా నేర్చుకుంటున్న మనిషిలా ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టింది. వినిపించేది మెషీన్ జవాబు మాత్రమే. ఆవిడ కొట్టింది తెర మీద కనిపిస్తుంది, అది చదవగలిగింది నేనొక్కదాన్నే.

నిన్ను కూడా ఎత్తుకుపోదామని నాకు ఉండింది. తాష్తాన్ వద్దన్నాడు. తాష్తాన్ తప్పు చేశాడు. నేను నోరెత్తలేదు.

"ఊఁ" అంది మెషీన్.

అపా ఉత్త ఎంటర్ నొక్కింది. "మీరు గేటు బయట ఉన్నారు" అని వినిపించింది. రెండు అరచేతులతో మొహం తుడుచుకుని, దువా ముగిస్తూ ఓమిన్ అంది. తర్వాత నేనున్న వైపు తిరిగింది.

"బురుల్."

"చెప్పండి అపా."

"నేను కొట్టింది చూశావా?"

ఎంతటివాళ్లతోనైనా ఉన్నది ఉన్నట్టు మొహం మీద అనేసే మనిషిని నేను. ఆ పేరు రెండుసార్లు తెర మీద నా కళ్ల ముందే ఉంది.

"లేదు అపా" అన్నాను. "కిటికీలోంచి చూస్తున్నా."

"మంచిది" అంది ఆవిడ.